29 మిల్లీమీటర్ల తేడా: పాత 944కి చక్రాలు వెతుక్కున్న కథ

చక్రం హబ్ మీద, అంటే దాన్ని బిగించే మధ్య భాగం మీద, చక్కగా కూర్చుంది. ఐదు స్టడ్‌లూ ఐదు రంధ్రాల్లోకి వెళ్లాయి, నట్లు చేత్తోనే సాఫీగా ఎక్కాయి. ఇక పానా తీసుకోవడమే తరువాయి అనుకుంటూ చక్రాన్ని చేత్తో ఓసారి తిప్పబోయాను. తిరగలేదు. వంగి చూస్తే టైరు లోపలి గోడ వెళ్లి స్ప్రింగు కూర్చునే పళ్లేనికి గట్టిగా ఆనుకుని ఉంది. ఆనుకోవడం కూడా కాదు, నొక్కుకుపోయింది.

నా కారు 1986 మోడల్ పోర్షే 944. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక. వయసు మీద పడ్డా నడకలో మర్యాద తప్పని బండి. దానికి ఉన్నవి 15 అంగుళాల పాత రిమ్ములు. 16 అంగుళాలవి వేద్దామని చాలా రోజులుగా కోరిక. ఒకరి దగ్గర అదే 944వి, ముందుకి 7 అంగుళాల వెడల్పు, వెనక్కి 8 అంగుళాల వెడల్పు ఉన్న సెట్టు దొరికింది. అదే కంపెనీ, అదే మోడల్ పేరు, ఐదు స్టడ్‌లు 130 మిల్లీమీటర్ల వృత్తం మీద, మధ్య రంధ్రం 71.6. అన్నీ సరిపోయాయి కదా అని టైర్లు కూడా కొని ఎక్కించేశాను. ముందుకి 205/55 ఆర్16, వెనక్కి 225/50 ఆర్16. రిమ్ము లోపలి వైపు పోతపోసి ఉన్న ఇంకో అంకె మాత్రం చూడలేదు. ఈటీ 52.3.

నా పాత రిమ్ము తిప్పి చూస్తే దాని మీద ఈటీ 23.3 అని ఉంది. తేడా సరిగ్గా 29 మిల్లీమీటర్లు.

ఈ ఈటీ జర్మన్ మాటకి పొట్టిపేరు, ఐన్‌ప్రెస్‌టీఫ. మనం ఆఫ్‌సెట్ అంటున్నది ఇదే. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీశామనుకోండి. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ ముఖం గీతకంటే బయటివైపు, అంటే రోడ్డు మీద నిలబడి చూసేవాడి వైపు ఉంటే ప్లస్. కాబట్టి అంకె పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి పోతుంది. మొదట్లో నాకు ఇది తలకిందులుగా అనిపించింది. పెద్ద అంకె అంటే చక్రం బయటికి పొడుచుకొస్తుందని అనుకున్నాను. చాలామంది ఇక్కడే బోల్తాపడతారని తర్వాత తెలిశాక కొంచెం ఊరట.

ఒకే మోడల్‌కి రెండు ఆఫ్‌సెట్‌లు ఎందుకు? 944 తయారీ 1982 నుంచి 1991 దాకా సాగింది. 1987 మోడల్‌తో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) వచ్చింది, దానికోసం సస్పెన్షన్‌లో మార్పులు చేస్తూ చక్రాల ఆఫ్‌సెట్‌ కూడా మార్చేశారు. అప్పటిదాకా వేసుకోగలిగిన ఫుక్స్ అనే కంపెనీ రిమ్ములు ఆ మార్పుతో ఆ కారుకి కాకుండా పోయాయి. అందుకే ఈ కార్లున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘పాత ఆఫ్‌సెట్టా, కొత్త ఆఫ్‌సెట్టా?’ అనే. నాది పాత ఆఫ్‌సెట్ కారు, కొన్నవి కొత్త ఆఫ్‌సెట్ రిమ్ములు. అడగాల్సిన ప్రశ్న డబ్బులిచ్చాక అడిగాను.

ఆ రిమ్ములు అమ్మేసి సరైనవి వెతుక్కోవడం అన్నిటికంటే మంచి దారి. ఎవరైనా నన్ను అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. కానీ వాటి మీద మనసు పడిపోయింది, టైర్లు కూడా కొనేశాను. దాంతో స్పేసర్ల వైపు నడిచాను.

స్పేసర్ లెక్క పైకి మహా తేలిక. హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే లోహపు పళ్లెం ఎంత మందమో అంత ఆఫ్‌సెట్ తగ్గుతుంది. 52.3 లోంచి 29 తీసేస్తే 23.3. అంతే కదా! 29 దొరకలేదు గానీ 28 దొరికింది. ఒక్క మిల్లీమీటరుకి ఏమవుతుందిలే అని నాలుగు చక్రాలకీ నాలుగు 28 మిల్లీమీటర్ల స్పేసర్లు తెప్పించాను. ముందు చక్రాలు హాయిగా తిరిగాయి. వెనకవీ తిరిగాయి. ఇంటి చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టి మురిసిపోయాను.

ఆ సాయంత్రం మా బావని ఎక్కించుకున్నాను. బావ కాస్త భారీ మనిషి. వెనక సీటు పేరుకే సీటు కాబట్టి అక్కడ ఇంకో ఇద్దరు పిల్లల్ని ముడుచుకోమన్నాం. మొదటి స్పీడు బ్రేకరు దాటగానే వెనకనుంచి గరగరమని చప్పుడు. రెండోదానికి టైరు మాడిన వాసన.

“ఏంట్రా, కొత్త చక్రాలన్నావు, అప్పుడే అరుస్తున్నాయి?” అన్నాడు బావ.

“నీ బరువుకి బావా.”

“నా బరువు నిన్నమొన్నటిది కాదుగా. చక్రాలే కదా కొత్తవి.”

దిగి చూస్తే వెనక మడ్‌గార్డు లోపలి అంచు టైరు భుజం మీద చుట్టూ సన్నటి గీత గీసింది. రబ్బరు పొడి అంచుకి అంటుకుని ఉంది. బావ అన్నది నిజమే. నేను ఆఫ్‌సెట్‌ని పాత అంకెకి తెచ్చాను గానీ వెనక రిమ్ము వెడల్పు ఒక అంగుళం పెరిగిందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. టైరు కూడా లావైంది. ఆఫ్‌సెట్ చెప్పేది చక్రం మధ్యగీత ఎక్కడుందో మాత్రమే. ఒరుసుకునేది మధ్యగీత కాదు, రెండు అంచులు.

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇది రిమ్ములు కొనకముందు చేయాల్సిన పని.

7 అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోట 177.8 మిల్లీమీటర్లు. అందులో సగం 88.9. దానికి ఆఫ్‌సెట్ కలిపితే హబ్ ముఖం నుంచి లోపలికి ఎంత పోతుందో తెలుస్తుంది, తీసేస్తే బయటికి ఎంత వస్తుందో తెలుస్తుంది. నా పాత రిమ్ము లోపలికి 112.2, బయటికి 65.6. కొత్త రిమ్ము, స్పేసర్ లేకుండా, లోపలికి 141.2, బయటికి 36.6. వెనక 8 అంగుళాలదైతే సగం 101.6, లోపలికి ఏకంగా 153.9. ఇది రిమ్ము లెక్క మాత్రమే. టైరు బొజ్జ దీనికంటే బయటికి ఉంటుంది.

ఆ బొజ్జ దగ్గర ఇంకో మోసం ఉంది. టైరు మీద 205 అని రాసి ఉంటే వెడల్పు 205 అని నమ్మకూడదు. ఆ అంకె పేరులాంటిది. రిమ్ము అర అంగుళం వెడల్పయితే టైరు కూడా సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. గాలి నింపి, టైరుకి రెండువైపులా నిటారుగా చెక్కలు ఆనించి మధ్య దూరం కొలిచాను. పాత 195/65 ఆర్15 నా రిమ్ము మీద 211 వచ్చింది. కొత్త 205 టైరు 219. వెనక 225 టైరు 8 అంగుళాల రిమ్ము మీద 243. అంటే పాతదాంతో పోలిస్తే ముందు టైరు ఒక్కోవైపు 4 మిల్లీమీటర్లు, వెనకది ఒక్కోవైపు 16 మిల్లీమీటర్లు లావు. ఎత్తులో మాత్రం పెద్ద మార్పు లేదు, మూడు టైర్ల వ్యాసం 631, 635 మధ్యే ఉంది. అందువల్ల స్పీడోమీటరు గొడవ లేదు.

ఇక కారులో ఖాళీ ఎంతుందో తెలియాలి. ఇతరులు చెప్పిన అంకెలు నా బండికి పనికిరావు. ఈ వయసు కార్లలో స్ప్రింగులు, టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీలు) కుంగి ఉంటాయి, మడ్‌గార్డుకి ఎప్పుడో ఒకసారి డెంటింగు జరిగి ఉంటుంది. నా కారులోనే వెనక కుడివైపు ఖాళీ ఎడమవైపు కంటే 3 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. లెక్కకి ఎప్పుడూ ఇరుకు వైపే తీసుకోవాలి.

నిలబడి ఉన్న కారుని కొలిస్తే చాలదు. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు, స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు ఎంత మిగులుతుందన్నదే అసలు కొలత. ముందువైపు స్ప్రింగు తీసేసి జాకీతో లేపి చూడొచ్చు. వెనక ఈ కారుకి చుట్ట స్ప్రింగు లేదు, టార్షన్ బారు. విప్పడం పెద్ద పని. అందుకని పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుమట్టి తెచ్చి, పాత చక్రాలు మళ్లీ ఎక్కించి, ఒరుసుకుంటాయనిపించే ప్రతిచోటా ముద్దలు అంటించాను. మడ్‌గార్డు అంచు లోపల, స్ప్రింగు పళ్లెం మీద, వెనక లోపలి గోడకి. బావని వెనక కూర్చోబెట్టాను. పిల్లల్ని కాదు, డిక్కీలో ఇసుక మూటలు. స్పీడు బ్రేకర్ల మీద పదిసార్లు తిరిగాం. తర్వాత నలిగిన మట్టిని ఊడదీసి వర్నియర్‌తో మందం కొలిచాను. ఎంత మందం మిగిలిందో అంత ఖాళీ ఉన్నట్టు.

పాత చక్రాలతో నాకు వచ్చిన ఖాళీలు ఇవి. ముందు లోపలివైపు 20, బయటివైపు 17. వెనక లోపలివైపు 33, బయటివైపు 14.

ఇప్పుడు లెక్క దానంతటదే విడిపోయింది. స్పేసర్ లేకుండా ముందు టైరు 29కి తోడు 4, మొత్తం 33 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. ఉన్న ఖాళీ 20. ఇక తిరగమంటే ఎలా తిరుగుతుంది? 28 స్పేసర్ పెడితే లోపలికి 5, బయటికి 3 మాత్రమే పెరుగుతుంది, రెండువైపులా దండిగా ఖాళీ. వెనక మాత్రం 28 పెడితే టైరు బయటికి 15 వస్తుంది. ఖాళీ 14. ఆ ఒక్క మిల్లీమీటరే గరగరమన్నది. అదే 21 పెడితే బయటికి 8, లోపలికి 24. బయట 6 మిగులుతుంది, లోపల 9. అంతకంటే తగ్గిస్తే లోపల ఇరుకు, పెంచితే బయట ఇరుకు. అంచుని రోలర్‌తో మడిపించి 28 ఉంచేసుకోవచ్చని ఒకరు చెప్పారు. పాత పెయింటు పగులుతుందని నాకు భయం. లోపలి తుప్పుకి తలుపు తీసినట్టవుతుందని కూడా. వద్దనుకున్నాను.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వెనక 52.3 లోంచి 21 తీస్తే 31.3. పాత ఆఫ్‌సెట్ 23.3. అంటే స్పేసర్ వేశాక కూడా చక్రం మధ్యగీత ముందున్నదానికంటే 8 మిల్లీమీటర్లు లోపలికే వచ్చింది. రెండువైపులా కలిపి వెనక ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్యగీతల దూరం, 16 మిల్లీమీటర్లు తగ్గింది. స్పేసర్ అనగానే బేరింగులు అరిగిపోతాయని భయపెట్టేవాళ్లు నాకు చాలామంది దొరికారు. బేరింగుకి స్పేసర్ ఉందో లేదో తెలియదు. దానికి తెలిసేది బరువు తన నుంచి ఎంత దూరంలో ఆనుతోంది అన్నదే. ముందు చక్రం మధ్యగీత పాతచోటికి ఒక్క మిల్లీమీటరు తేడాలో వచ్చింది, కాబట్టి స్టీరింగు పాత స్వభావమే నిలబెట్టుకుంది. చూడ్డానికి ఇంకా బాగుంటుందని 35 పెట్టి ఉంటే బేరింగు మీద బరువూ పెరిగేది, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత నేలని తాకే చోటుకీ టైరు మధ్యకీ ఉన్న దూరమూ మారేది. అది మారితే రోడ్డు మీద ప్రతి గాడీ స్టీరింగుని లాగుతుంది. ఒక పక్క బ్రేకు కాస్త ఎక్కువ పట్టినా చేతికి తెలుస్తుంది.

కొలతలు తేలాయి. ఏ రకం స్పేసర్ అన్నది మిగిలింది.

రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త పళ్లెం. దాన్ని స్టడ్‌ల మీద తొడిగి, పైన రిమ్ము పెట్టి, అన్నిటినీ కలిపి ఒకే నట్టుతో బిగిస్తారు. దీనికి పొడవాటి స్టడ్‌లు కావాలి. రెండోది తన స్టడ్‌లు తనకే ఉన్న పళ్లెం. దాన్ని ముందు హబ్‌కి నట్లతో బిగించి, రిమ్ముని దాని స్టడ్‌లకి బిగిస్తారు. ఈ రెండోరకం పలచగా చేయడానికి వీల్లేదు, లోపలి నట్టు తల దాని మందంలో దాక్కోవాలి కదా. 28 అయితే దాక్కుంటుంది. కారు స్టడ్‌ల చివరలు పళ్లెం ముఖం దాటి బయటికి వస్తున్నాయేమో స్కేలు అడ్డంగా పెట్టి చూసుకోవాలి. వస్తే రిమ్ము పూర్తిగా ఆనదు. ఆనకపోతే ఎంత బిగించినా వృథా. 21కి మాత్రం ఉత్త పళ్లేలు, పొడవాటి స్టడ్‌లు తీసుకున్నాను. డిస్కు విప్పి పాత స్టడ్‌లు పీకి కొత్తవి ప్రెస్ చేయించడం నావల్ల కాదు. తెలిసిన మెకానిక్ దగ్గర చేయించాను.

“సార్, నట్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టుకోండి” అన్నాడు ఆయన, పని అయ్యాక. ఈ స్టడ్‌లు 14 మిల్లీమీటర్ల లావు, మర పిచ్ 1.5. స్టడ్ లావు ఎంతో కనీసం అంత పొడవున మర పట్టాలని వాళ్ల లెక్క. 14ని 1.5తో భాగిస్తే తొమ్మిది చుట్లు దాటాలి. నావి పదకొండు తిరిగాయి.

స్పేసర్ మధ్య రంధ్రం హబ్ కొమ్ముని పట్టుకోవాలి, స్పేసర్‌కి ఉన్న కొమ్ము రిమ్ముని పట్టుకోవాలి. రెండూ 71.6. వదులుగా ఉన్నవి కొంటే చక్రం కేంద్రం తప్పి, వేగం మీద స్టీరింగు వణుకుతుంది. ఈ విషయంలో నేను జాగ్రత్తగానే ఉన్నాను. దెబ్బతిన్నది నట్ల దగ్గర.

28 స్పేసర్లతో పాటు ఇరవై నట్లు ఉచితంగా వచ్చాయి. మెరిసిపోతున్నాయి. మర సరిపోయింది, బిగించేశాను. మొదటి 60 కిలోమీటర్లు తిరిగి వచ్చి టార్క్ రెంచ్ పెడితే రెండు నట్లు పావు చుట్టు కదిలాయి. గుండె ఝల్లుమంది. విప్పి చూస్తే సంగతి బయటపడింది. పోర్షే రిమ్ములో నట్టు కూర్చునే గుంట బంతి అడుగులా గుండ్రం. వచ్చిన నట్ల అంచు గరాటులా ఏటవాలు. గరాటు బంతిగుంటలో కూర్చుంటే తాకేది సన్నటి వలయం మాత్రమే. ఆ వలయం మీద అల్యూమినియం నలిగి మెరుస్తోంది. అది నలిగేకొద్దీ బిగువు సడలుతుంది. ఇంకో వంద కిలోమీటర్లు చూడకుండా తిరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను. గుండ్రటి అడుగున్న నట్లు తెప్పించాక గాని మళ్లీ కారు తీయలేదు. తలమూసిన నట్లు కాకుండా తెరిచినవే తీసుకున్నాను. పొడవాటి స్టడ్ మీద మూసిన నట్టు వేస్తే, ఎప్పుడైనా పంచరై స్పేసర్ తీసి స్టెప్నీ పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, స్టడ్ కొన నట్టు లోపల తగిలి ఆగిపోతుంది. చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది, చక్రం మాత్రం వదులుగా ఉంటుంది.

బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పు వైరు బ్రష్షుతో రుద్ది తీసేశాను. దాదాపు నలభై ఏళ్ల తుప్పు. అది అలాగే వదిలేసి ఎంత ఖరీదైన స్పేసర్ పెట్టినా సమంగా కూర్చోదు. చక్రం గాల్లో ఉండగా నట్లని నక్షత్రం గీసే వరసలో, ఒకటి వదిలి ఒకటి, కొంచెం కొంచెంగా బిగించి, దించాక 130 న్యూటన్ మీటర్లకి తెచ్చాను. ముందు చక్రాలకి రెండు అంతస్తుల నట్లు కదా. లోపలివి కూడా అంతే శ్రద్ధగా బిగించాలి. తిరిగి చూడాలంటే చక్రం విప్పాల్సిందే. బద్ధకించకుండా విప్పాను. 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 500 దగ్గర ఒకసారి. ఏదీ కదల్లేదు.

ఈ పనిలో నేను ముందుగా చూసుకోని ఇంకో విషయం బ్రేకు కాలిపర్, అంటే డిస్కుని పట్టి నొక్కే భాగం. అదృష్టం కొద్దీ బయటపడ్డాను. ఆఫ్‌సెట్, వెడల్పు అన్నీ కుదిరినా రిమ్ము ఊచలు లోపలికి వంగి ఉంటే కాలిపర్‌కి తగలొచ్చు. అది ఏ అంకెలోనూ కనిపించదు, రిమ్ము ఎక్కించి చూడాల్సిందే. నా కారుకి ఉన్నవి చిన్న కాలిపర్లు, పైగా 28 మిల్లీమీటర్ల స్పేసర్ ఊచల్ని బయటికి నెట్టింది. వేలు పట్టేంత సందు ఉంది. పెద్ద బ్రేకులు వేసుకున్నవాళ్లు దీన్ని అన్నిటికంటే ముందు చూసుకోవాలి.

వీల్ అలైన్‌మెంటు చేయించాక బావని మళ్లీ పిలిచాను. ఈసారి ఇసుక మూటలు లేవు, పిల్లలు ఉన్నారు. అదే దారి, అవే స్పీడు బ్రేకర్లు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం. మూడోది దాటాక బావ కావాలని సీట్లో ఒకసారి ఎగిరి కూర్చున్నాడు. చప్పుడు లేదు.

వారం తర్వాత కారు కడుగుతుంటే వెనక కుడి మడ్‌గార్డు అంచు లోపల వేలికి మెత్తగా తగిలింది. ఆఖరి పరీక్షకి అంటించి ఊడదీయడం మరిచిపోయిన ఆకుపచ్చ మట్టి ముద్ద. టైరు నున్నగా నొక్కేసి ఉంది. చేతులు తుడుచుకుని లోపలికెళ్లి వర్నియర్ తెచ్చి కొలిచాను. ఐదున్నర వచ్చింది.